మూడో బోరులో రెండు బిందెలు

నాకు కోపం ఎక్కువ. మా ఆఫీసులో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు, అడగకపోయినా చెబుతారు. నిజామాబాద్‌లో కాలుష్యం సంగతి చూసే ఆఫీసు మాది. అందులో నీళ్ల నమూనాలు పట్టే పని నాది. పేరు భూమేష్. ఇరవై ఆరేళ్లుగా సీసాలు మోస్తున్నాను. ఎక్కడ నూనె ట్యాంకు కారినా, ఎక్కడ కాలువ నీళ్ల రంగు మారినా ముందు ఎండలో పోయేది నేను, చివర సంతకం పెట్టేది ఇంకొకరు. సరే, నా గోడు ఎప్పుడూ ఉండేదే. ఇప్పుడు చెప్పాలనుకున్నది గోదావరక్క గురించి.

బోధన్ ఊరి చివర, చెరుకు లారీలు ఆగే చోట ఒక డీజిల్ బంకు ఉండేది. లారీలు తగ్గాయి, బంకు మూతపడింది. భూమిలోని ట్యాంకులు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటి అడుగు తుప్పు పట్టి ఎన్నేళ్లు కారిందో ఎవరికీ తెలియదు. మొదట పసిగట్టింది బంకు వెనక సందులో ఉండే గోదావరక్క. ఆమె బీడీలు చుట్టే మనిషి. పొద్దంతా తంబాకు ఘాటులో ఉండే ముక్కు అది. ఆ ముక్కుకే బావి నీళ్లలో డీజిల్ వాసన తగిలిందంటే ఎంత కారి ఉండాలో మీరే చూడండి.

పక్కింటి నవత చేత అర్జీ రాయించుకుని బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. ఒళ్లో స్టీలు చెంబు, చెంబు నిండా బావి నీళ్లు. అర్జీ కంటే ముందు ఆ చెంబును మా పెద్దసారు టేబుల్ మీద పెట్టింది.

"ఒక్క గుక్క తాగి సూడు సారూ. అటెన్క సదువు కాయితం."

సారు తాగలేదు. అర్జీ మాత్రం వెంటనే చదివాడు.

బంకు యజమానికి నోటీసు వెళ్లింది. ట్యాంకులు తవ్వి తీయించారు. నూనె పట్టిన మట్టిని లారీల్లో తరలించారు. భూమిలోని నీళ్లను తోడి శుద్ధి చేసే యంత్రం ఏడాదిన్నర నడిచింది. గోదావరక్క బావిని సిమెంటు పలకతో మూసేశారు, తాగడానికి పొద్దున కాసేపు వచ్చే నల్లా ఒక్కటే మిగిలింది. చుట్టూ నాలుగు సన్నని బోర్లు వేశారు. ఇవి తాగడానికి కాదు, భూమి లోపల ఏం జరుగుతోందో చూడడానికి. మూడు నెలలకోసారి వాటిలో నీళ్లు పట్టి హైదరాబాద్ ల్యాబుకు పంపాలి. వరసగా నాలుగుసార్లు శుభ్రంగా వస్తే ఫైలు మూస్తారు, బావి మీద పలక తీస్తారు. మధ్యలో ఒక్కసారి చెడినా మళ్లీ మొదటినుంచే. నాలుగింటిలో మూడో బోరే అసలుది. నేల వాలు అటే, లోపల నీళ్లు జరిగేదీ అటే. అది గోదావరక్క వాకిట్లో, మూసిన బావి పక్కనే ఉంది.

ఈలోగా సందు ఖాళీ అయింది. ముందు పిల్లల ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. తర్వాత ఎప్పుడు ఎక్కడ అంటుకుంటుందోనని పొయ్యి వెలిగించడానికే భయపడ్డారు. ఆమె కాక ఉన్న మూడు కుటుంబాలూ ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. ఆఖరున నవత వాళ్లు నిజామాబాద్‌లో కిరాయి ఇంటికి మారారు. ఆటోలో సామాను ఎక్కిస్తూ నవత ఏడ్చిందట. "నీళ్లు మంచిగైతె తెల్లారే వస్తం అవ్వా" అందట. ఆ ఒక్క మాట పట్టుకుని గోదావరక్క ఆ సందులో మిగిలిపోయింది.

ఆమె పుట్టింది దగ్గర్లోని మోస్రా అనే ఊళ్లో. తొమ్మిదేళ్లకే బీడీలకు తునికాకు కత్తిరించే కత్తెర పట్టింది. పెళ్లయి బోధన్ వచ్చింది. భర్త వెంకటి చెరుకు దించే హమాలీ. ఆయన పోయి పద్నాలుగేళ్లు. పిల్లలు లేరు. నవత కాపురానికి వచ్చిన నాటినుంచి ఇద్దరూ ఒకే అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టారు. నవత ఆడపిల్లలిద్దరూ ఈమె తొడ మీదే పెరిగారు. బీడీల పనిలో చేతులకు తీరిక ఉండదు, నోటికి ఉంటుంది. ఒకరు చెబుతూ ఒకరు ఊ కొడుతూ ఉంటే వెయ్యి బీడీలు తెలియకుండా అయిపోతాయి.

"ఊ కొట్టేటోళ్లు లేకుంటె అయిదొందలకే నడుం పడిపోతది తమ్మీ" అని ఆమే చెప్పింది నాతో. "మొన్న కరెంటు బిల్లు రాసెటాయన వస్తె కూసోబెట్టి చాయ్ పోసి, నా పెండ్లి ముచ్చట షురూ చేసిన. సగంలనే లేసి ఉరికిండు."

నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను కానీ ఆ మాట చాలా రోజులు బుర్రలో తిరిగింది. మా ఆవిడ పోయి ఆరేళ్లయింది. నా ఇంట్లోనూ ఊ కొట్టేది టీవీ ఒక్కటే.

మా పరిచయం తిట్లతో మొదలైంది. ఇంకా నమూనాలు మొదలుకాకముందు, బోర్లు వేసిన కొత్తలో నీళ్ల మట్టం చూడడానికి వెళ్లినప్పుడు బోరు మూత తాళంచెవి ఆఫీసులో మరిచిపోయాను. మిట్టమధ్యాహ్నం బండి మీద నిజామాబాద్ పోయి తిరిగొచ్చేసరికి నెత్తి మాడిపోయింది. దారి పొడవునా నన్ను నేను తిట్టుకుని, ఇంకా కోపం మిగిలితే ఆ బోరును, ఆ వాకిలిని, వాకిట్లోని రాయిని కూడా తిట్టాను. గోదావరక్క గడపలో నిలబడి అంతా విన్నది.

"మర్శినోడివి నువ్వు. తిట్లు తినేది నా వాకిలా?" అంది. అని లోపలికి పోయి చాయ్ తెచ్చింది.

ఆ రోజే రెండో తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను, "ఇది నీ దగ్గర పెట్టుకో అక్కా, నా బుర్రను నమ్మొద్దు" అని. రూలు ప్రకారం తాళాలు ఆఫీసు దాటకూడదు. ఆ రూలు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

మూడు నెలలకు పట్టిన మొదటి నమూనా శుభ్రంగా వచ్చింది. రెండోసారీ అంతే. ల్యాబు కాగితం రాగానే ఆమెకు ఫోను చేయడం అలవాటైంది. "పాసా, ఫేలా?" అని అడిగేది, నేనేదో పరీక్ష రాసినట్టు. మూడోసారి పాసని చెప్పినప్పుడు మాత్రం, "ఇగ ఒక్కటే గదా" అంది.

నాలుగోది మే నెలలో పడింది. నిజాంసాగర్ కాలువ బందయి అప్పటికే రోజులు గడిచాయి. పొలాలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. నేను వెళ్లేసరికి సందు మొత్తం ఊడ్చి ఉంది. తన వాకిలే కాదు, ఖాళీ ఇళ్ల వాకిళ్లు కూడా. నవత అరుగును అలికి ముగ్గు వేసింది. కొత్త చీర కట్టుకుంది.

"ఏందక్కా గిది? పండుగా?"

"ఐతారం నవతోళ్లు వస్తున్నరు. సామాన్లు కట్టుకొనే రమ్మన్న. నీ కాయితం వచ్చెదాంక ఆగుమంటదా పాణం?"

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని నవ్వి పనిలో పడ్డాను.

మొదటి బోరులో నీళ్ల లోతు కొలిచే టేపు వదిలాను. నీళ్లు బాగా కిందికి దిగిపోయి ఉన్నాయి. రెండోదీ, నాలుగోదీ అలాగే. మే నెలలో అలాగే ఉండాలి. మూడో బోరులో మాత్రం నీళ్లు దిగలేదు. చలికాలంలో ఎక్కడున్నాయో దాదాపు అక్కడే ఉన్నాయి. టేపు చెడిందనుకుని దాన్ని రెండు తిట్లు తిట్టి మళ్లీ వదిలాను. అదే లెక్క. సరే, ఏదో ఊట అనుకున్నాను. పైపులో నిలవ ఉన్న నీళ్లను మూడింతలు తోడి పారబోశాక పట్టాలి నమూనా. అలాగే తోడి, సీసా నింపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిల్ వాసన లేదు. అంతవరకు సంతోషమే. కానీ మట్టి వాసన కూడా లేదు. నల్లా నీళ్లలో వచ్చే మందు వాసన ఉంది.

"అన్ని బోర్లల్ల నీదే మంచిగున్నదక్కా" అన్నాను, ఇంకా బుర్ర వెలగక. "ఎండకాలంల గూడ నీళ్లు దిగలే."

"ఊకెనే ఉంటదా?" ఆమె మొహం వెలిగిపోయింది. "పొద్దుగాల నల్లా మూడు బిందెలొస్తది. ఒకటి నాకు. రెండు దీనికి. శుక్రారం శుక్రారం చిటికెడు పసుపు గూడ ఏస్తున్న."

నా చేతిలో సీసా అలాగే ఉంది.

"దీనికంటె? ఈ బోర్లనా? పోస్తున్నవా?"

"అవ్."

"ఎన్నొద్దులసంది?"

"నువ్వు తాళంచెవి ఇచ్చిన తెల్లారిసంది. ఒక్క పొద్దు తప్పలే."

ఇక నా నోరు ఆగలేదు. ఏం అన్నానో అన్నీ రాయలేను, రాసినా అచ్చు వేయరు. బుద్ధుందా అన్నాను. ఏడాదిగా మంచుడబ్బాలో పెట్టి హైదరాబాద్ పంపింది నీ నల్లా నీళ్లనా అన్నాను. సర్కారు పరీక్షను ఆటనుకున్నావా అన్నాను. ఖాళీ సందు కదా, నా అరుపులు నాకే తిరిగి వినిపించాయి.

ఆమె భయపడలేదు. నిజంగా అర్థం కాలేదు ఆమెకు.

"బాయిల పిల్లి పడి సస్తె ఏం జేస్తరు తమ్మీ? మా మోస్రల గట్లనే పడితె ఏం జేసిండ్రు? గలీజు నీళ్లు మొత్తం తోడి పారబోసి, పసుపేసి, మంచినీళ్లు పోసిండ్రు. మీ మిషిని తోడుడైతె తోడింది. మంచినీళ్లు పోసుడు ఎవ్వలకు యాదికి రాలే. నేను పోసిన. గది తప్పా?"

నా కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఏడాదిగా మూడు బిందెల్లో ఒక్కటే తన కోసం ఉంచుకుని వండుకుంది, కడుక్కుంది, స్నానం చేసింది. అందులోంచే నాకు చాయ్ కూడా పెట్టింది. ఇంత చేసింది మోసమని ఎవరంటారు? తాళంచెవి ఇచ్చింది నేను. ఎందుకు పోయకూడదో ఒక్క మాట చెప్పనిదీ నేనే. సీసాలు మోసే నాకు తెలిసింది ఆమెకూ తెలిసే ఉంటుందనుకున్నాను.

అరుగు మీద కూర్చుని చెప్పాను. ఇది నల్లరేగడి నేల. లోపల నీళ్లు తొందరగా కదలవు. నువ్వు పోసిన నీళ్లన్నీ పైపు చుట్టే నిలిచిపోయాయి. వాటి అవతల ఏముందో ఎవరికీ తెలియదు. ఆమె వింటోంది కానీ తలకు ఎక్కడం లేదు. పక్కనే తునికాకు కట్ట ఉంది. అది చూపించాను.

"దీని మీద నీళ్లు సల్లినవనుకో అక్కా. పై ఆకు తడుస్తది. లోపటాకు?"

ఆమె కట్ట వైపు చూసింది. యాభై ఏళ్లుగా ఆ ఆకును తడుపుతున్న చేతులు అవి.

"లోపటాకు గట్లనే ఉంటది" అంది మెల్లగా.

అబద్ధం ఎందుకు, ఆ సీసాకు మూత పెట్టాను. చీటీ కూడా అంటించాను. పంపితే పాసే. ఫైలు మూతపడుతుంది, తాళంచెవి సంగతి ఎవరికీ తెలియదు, ఆదివారం ఆమె మనుషులు ఆమెకు వస్తారు. మంచుడబ్బా తెరిచి సీసాను అందులో పెట్టబోయాను కూడా.

"పాసయితె బాయి మీది పలక తీస్తరు గదా?" అంది ఆమె.

"తీస్తరు."

"నవత పిల్లలు ఆ నీళ్లే తాగుతరు."

"తాగుతరు."

"పారబొయ్యి."

నేను కదల్లేదు. ఆమె లేచి వచ్చి సీసా నా చేతిలోంచి తీసుకుని, మూత తిప్పి, నీళ్లను వాకిట్లో వేసిన ముగ్గు మీదే ఒంపేసింది.

"మళ్ల నాలుగుసార్లా?"

"ముందు నువ్వు పోసుడు బందు చెయ్యాలె. బోరును ఆరు నెలలు ఊకెనే విడిచిపెట్టాలె. అటెన్క మూడు నెలలకొకటి, నాలుగుసార్లు."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. ఏడాదిన్నర. చిన్న ఫోను తీసి నవతకు కలిపింది. చెవి సరిగా వినపడదని ఎప్పుడూ గట్టిగా పెట్టుకునే మాట్లాడుతుంది కాబట్టి నాకంతా వినిపించింది.

"బిడ్డా, ఐతారం రాకుర్రి. నీళ్లు ఇంకా మంచిగ కాలే. తప్పు నాదే అయింది, నేనేమో..."

"సరే అవ్వా, సరే" అంది నవత. ఎందుకని అడగలేదు. ఇంకెన్నాళ్లని అడగలేదు. "ఏం ఫికర్ జేయకు. పైలంగుండు."

"పిల్లలకు ఒక్కసారి ఫోను ఇయ్యి బిడ్డా."

"ట్యూషన్‌కు పోయిండ్రు అవ్వా. వచ్చినంక చేపిస్త."

ఫోను కట్టయింది. గోదావరక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎంత జల్ది సరే అన్నదో ఇన్నవా తమ్మీ?"

"పనిల ఉన్నదేమో అక్కా."

"ఊకో. నాకు తెల్వదా? ఏడుస్తదనుకున్న. నారాజ్ అయితదనుకున్న. పోరికి వచ్చే మనసే లేదు. నా మొహం మీద చెప్పలేక సామాన్లు కట్టుకుంటున్న అన్నది." కొంగు తీసి మొహం గట్టిగా తుడుచుకుంది. "పిల్లలు ఆడ బడికి అలవాటైండ్రు. తప్పేమున్నది దానిది? నాకు నీళ్ల రంది లేకుండె తమ్మీ. ఒక్క బిందెతోటే ఏడాది ఎల్లదీసిన గదా. నాకు మనుషులు కావాల్నని పోసిన."

నాకు ఓదార్చడం రాదు. వచ్చుంటే ఇరవై ఆరేళ్లు సీసాలతో ఎందుకు కాపురం చేస్తాను. కాగితాలు తీసి రాయడం మొదలుపెట్టాను. మూడో బోరులో బయటి నీళ్లు కలిసినందువల్ల జరిగిన మూడు పరీక్షలూ చెల్లవని, నాలుగో నమూనా పంపడం లేదని రాశాను. రూలుకు విరుద్ధంగా తాళంచెవి ఇచ్చింది భూమేష్ అనే నేనేనని రాశాను. రాస్తూ పైకే చదివాను.

"నీ పేరెందుకు రాసుకుంటవు? నౌకరికి ఏమన్న అయితే?"

"ఇచ్చింది నేనే గదా."

నేను కింది వరసకు వచ్చాను. ఈ నీళ్ల మీద ఆధారపడిన మనుషులు ఎంతమంది అని అక్కడ ఒక గడి ఉంటుంది. ఇప్పటిదాకా ప్రతిసారీ అందులో పదకొండు అని రాశాను. వెళ్లినవాళ్లందరినీ కలిపి ఆమే పేరు పేరునా లెక్క చెప్పేది, నేను రాసేవాణ్ని. ఇప్పుడు కూడా అదే రాయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఒకటి రాయి."

"అక్కా, నా మాట ఇను. పది మంది లేకుంటె మా ఆఫీసుల ఫైలు అడుగుకు పోతది. బంకాయనను గట్టిగ అడిగేటోళ్లు ఉండరు. పదకొండు ఉండనియ్యి. ఎవ్వలొచ్చి లెక్కపెడ్తరు?"

"నీళ్లల్ల పోసింది సాలదా? కాయితంల గూడ పోయాల్నా?" అంది. కోపంగా కాదు. "ఉన్నదే ఒక్కదాన్ని. గదే రాయి."

ఒకటి అని రాశాను. అంత పెద్ద గడిలో ఆ అంకె ఒక మూలకు చిన్న గీతలా పడింది. ఆమె కళ్లు చిట్లించి, కాగితం మీదికి వంగి, ఎక్కడుందో వెతికింది.

"జర పెద్దగ రాయి తమ్మీ" అంది. "నేనొక్కదాన్ని ఉన్ననని కనవడాలె గదా మీ ఆఫీసోళ్లకు."

దాని మీదే మళ్లీ దిద్దాను, గడి పైనుంచి కిందిదాకా.